నాయన ఎర్తు గుంతకు నీళ్లు పోస్తుంటే నా డిజైన్‌లో తప్పు దొరికింది

ఈ ఎపిసోడ్ గుత్తిలో మా ఇంటి మేడ మీద నుంచి చేస్తున్నా. వెనక కొండ మీద కనిపిస్తోంది కదా, అదే మా గుత్తి కోట. గాలి శబ్దం వస్తే కొంచెం సర్దుకోండి.

చాలామంది అడుగుతున్నారు, "అక్కా, రీసెర్చ్ సెంటర్‌లో జూనియర్ ఎలక్ట్రికల్ డిజైన్ ఇంజనీర్ అంటే ఏం చేస్తారు? సైంటిస్టులతో కలిసి ప్రయోగాలు చేస్తారా?" అని. లేదండీ. ప్రయోగం వాళ్లది. దానికి కరెంటు సరిగ్గా అందాలి, ఎవరికీ షాక్ కొట్టకూడదు. ఆ పని మాది.

ఒక ఉదాహరణ చెప్తా. తిరుపతి దగ్గర గాదంకిలో వాతావరణాన్ని పరిశోధించే పెద్ద రాడార్ ఉంది. అందులో 1024 యాంటెన్నాలు ఉంటాయి. ఫొటోలో మనకు యాంటెన్నాలే కనిపిస్తాయి. వాటికి కేబుల్ ఎంత లావుండాలి, బ్రేకర్ ఎంతది, ఎర్తింగ్ ఎక్కడ అని ఎవరో ఒకరు కూర్చుని లెక్కేసి గీసుంటారు కదా? నేను చేసేది అలాంటి పని. నేనుండేది గాదంకిలో కాదు, వేరే చోట. పేరు వద్దులెండి.

రోజూ ఏం చేస్తానంటే, ముందు ఏ ల్యాబ్‌లో ఎంత లోడో లిస్టు రాస్తాను. సింగిల్ లైన్ డయాగ్రం గీస్తాను. కేబుల్ సైజు, వోల్టేజ్ డ్రాప్ లెక్కేస్తాను. డ్రాయింగ్ కింద మూల మూడు గడులుంటాయి: గీసినవారు, సరిచూసినవారు, ఆమోదించినవారు. మొదటి గడిలో నా పేరు. మొదటిసారి అది చూసుకుని ఫొటో తీసి నాయనకు వాట్సాప్‌లో పంపినా. ఇప్పుడు చెప్పబోయే తప్పు కూడా ఆ గడిలోనే ఉంది.

ఒక కొత్త ల్యాబ్ బిల్డింగ్‌కు ఎర్తింగ్ డిజైన్ నాకిచ్చారు. ఎర్తింగ్ అంటే తెలుసు కదా? మెషీన్ లోపల వైరు తెగి బాడీకి తగిలితే, ఆ కరెంటు మన ఒంట్లోంచి కాకుండా నేలలోకి పోవాలి. అలా పోవాలంటే నేల దారి ఇవ్వాలి. తడి నేల బాగా దారిస్తుంది, ఎండిన నేల ఇవ్వదు. ఆ అడ్డును కొలిచే లెక్కే సాయిల్ రెసిస్టివిటీ. నాలుగు ఇనుప కడ్డీలు వరుసగా పాతి, మీటరుతో కొలుస్తారు.

నా చేతికొచ్చిన రిపోర్టులో 60 ఓమ్-మీటర్లు అని ఉంది. ఆ అంకెతో లెక్కేశా. మూడు మీటర్ల పైపులతో 12 గుంతలు, మొత్తం రెసిస్టెన్స్ 2 ఓమ్‌ల దగ్గర. సరిపోయింది. డ్రాయింగ్ మూడు గడులూ దాటి సైట్‌కు పోయింది.

ఏప్రిల్‌లో ఇంటికొచ్చా. సాయంత్రం చేను కాడికి పోతే, నాయన బోరు స్టార్టర్ పక్కన ఎర్తు గుంతలో బిందెతో నీళ్లు పోస్తా ఉన్నాడు. "తాగేదానికే నీళ్లు కష్టమైతాంటే ఇదేంది నాయనా?" అన్నా. ఆయన తలెత్తకుండానే, "ఎండకాలం నీళ్లు పోయల్ల పాప. లేకుంటే డబ్బా ముట్టుకుంటే జుమ్మంటాది" అన్నాడు.

ఫ్రెండ్స్, నాకు అక్కడే చెమటలు పట్టినాయి. ఎందుకంటే నా రిపోర్టు మీద తేదీ అక్టోబర్. వానలు పడినాక తీసిన కొలత అది. మా అనంతపురం జిల్లాలో ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడుతుంది. మా సెంటర్ ఉన్నదీ ఇట్లాంటి నేలే. మే నెలలో అక్కడ ఏముంటది, దుమ్ము తప్ప?

తిరిగి పోయినాక ఎర్త్ టెస్టర్ అడిగి తీసుకుని, హెల్పర్ అన్నతో కలిసి నేనే కొలిచా. 170. దాదాపు మూడు రెట్లు. అంటే నా 2 ఓమ్‌లు ఎండాకాలంలో 5 దాటుతాయి. ఇంకో వారంలో కాంక్రీట్ పోస్తారు. పోస్తే ఇక ఆ గుంతల మీద ఫ్లోరింగే.

నిజం చెప్తా, ఆ రాత్రి "ఎవరికి తెలుస్తుందిలే" అని కూడా అనుకున్నా. అప్పటికి ప్రొబేషన్‌లో ఉన్నా. ఉద్యోగం పోతే ఇంట్లో ఏం చెప్పాలి? కానీ ఆ మెషీన్ మీద చెయ్యి పెట్టేది నేను కాదు. ఎవరో టెక్నీషియన్ పెడతాడు.

పొద్దున్నే సార్ దగ్గరికి రెండు రిపోర్టులూ తీసుకుపోయా. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "తేదీ మొదటి పేజీలోనే ఉందమ్మా. నువ్వూ చూడలేదు, నేనూ చూడలేదు" అన్నారు. పని మూడు వారాలు ఆగింది. అదనపు ఖర్చు ఎందుకో నాతోనే రాయించారు. మీటింగ్‌లో గట్టిగానే పడ్డాయి. చివరికి కింద తేమ తగిలేదాకా లోతుగా బోరు వేసి ఎర్తు దించాం. ఉద్యోగం ఉంది. కానీ ఆ రివిజన్ షీటులో "కారణం: డిజైన్ లోపం" అనే మాట ఎప్పటికీ ఉంటుంది. ఉండనీ.

తర్వాత మా బోరు దగ్గర ఎర్తు కూడా కొలిచా. పొడిగా ఉన్నప్పుడు 90 ఓమ్‌లు. ఇప్పుడు మీరే లెక్కేయండి. 230 వోల్టులను 90తో భాగిస్తే రెండున్నర ఆంపియర్లు. ఈ మాత్రానికి ఫ్యూజు పోదు. డబ్బాలో కరెంటు అట్లనే నిలబడి ఉంటాది, ముట్టుకునే మనిషి కోసం. నీళ్లు పోస్తే ఎర్తు కొంచెం మెరుగవుతుంది కానీ, దాన్నే నమ్ముకోలేం. అందుకే లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి, కొంచెం లీకేజీ వచ్చినా కట్ అయ్యే ఆర్‌సీసీబీ పెట్టించా. మీరు సొంతంగా డబ్బా తెరవొద్దు. మీ ఇంట్లో ఆర్‌సీసీబీ ఉంటే దాని మీద టెస్ట్ బటన్ ఉంటుంది, నెలకోసారి నొక్కండి. పడిపోకపోతే పాడైనట్టే.

ఈ ఫీల్డ్‌లోకి రావాలనుకునే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, సాఫ్ట్‌వేర్ ఎట్లైనా నేర్చుకుంటారు. ఎవరైనా ఒక అంకె ఇస్తే మాత్రం, అది ఎప్పుడు కొలిచారు, ఎక్కడ కొలిచారు అని అడగండి.

నాయన మాత్రం ఇప్పటికీ నీళ్లు పోస్తూనే ఉన్నాడు. "నీ మిషన్ ఉండనీ పాప, నా బిందె నాకుండనీ" అంటాడు. నేనేం అనలేదు.

మీ ఊళ్లో బోరు స్టార్టర్ దగ్గర ఎర్తు ఉందో లేదో చూసి కామెంట్‌లో చెప్పండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా మరి.