గంగ దాటే మాటలు



ఖని అంటే గని. గోదావరి ఒడ్డున ఉన్న గని కాబట్టి ఈ ఊరు గోదావరిఖని అయింది. పేరులో నది ముందు ఉంది. గని వెనక ఉంది.

గని మాటలు ఇక్కడ ఇంటింటికీ తెలుసు. షిఫ్టు, సైరన్, మస్టర్ అంటే చిన్న పిల్లలు కూడా చెబుతారు. నది మాటలు మాత్రం మెల్లగా మరుగున పడుతున్నాయి. ఇవాళ్టి ముచ్చట ఆ మాటల గురించే.

ఈ వైపు ఊళ్లలో గోదావరిని గంగ అంటారు. "గంగకు పోయి తానం చేసి వచ్చినం" అంటారు. వంతెనలు లేని రోజుల్లో పిల్లను గంగ అవతలి ఊరికి ఇస్తే, ఆ పిల్ల పుట్టింటికి రావడం నది చేతిలో ఉండేది. ఎండకాలం ఇసుకలో నడిచి, మోకాలి లోతు పాయ దాటి వచ్చేది. వానకాలం పడవ నడిపే ఆయన సరేనంటేనే ప్రయాణం. కాళేశ్వరం దగ్గర ప్రాణహిత వచ్చి గోదావరిలో కలుస్తుంది. అవతల మహారాష్ట్రలోని సిరొంచ ఉంది. అక్కడా తెలుగు మాట్లాడేవాళ్లు ఉన్నారు. ఇప్పుడు అక్కడ వంతెన ఉంది. ఒకప్పుడు పడవే దారి.

పడవలు, పనిముట్లు

చెట్టు మానును తొలిచి చేస్తే దోనె. దుంగలు పక్కపక్కన పేర్చి కడితే తెప్ప. పలకలు బిగించి చేస్తే నాటు పడవ. వెదురు బద్దలతో పెద్ద గంప లాగా అల్లితే పుట్టి. కృష్ణా, తుంగభద్ర నదుల్లో పుట్టి ఎక్కువ. పూర్వం దానికి తోలు కప్పేవారు.

లోతు లేని చోట గడ కావాలి. గడ అంటే పొడుగాటి కర్ర. దాన్ని నది అడుగున ఆనించి నెడితే పడవ ముందుకు పోతుంది. లోతైన చోట గడ అందదు. అక్కడ తెడ్డు వెయ్యాలి. తెడ్డు నీళ్లను వెనక్కి నెడుతుంది. పడవ ముందుకు కదులుతుంది. పడవ వెనక ఉండేది చుక్కాని. అది పడవను పక్కలకు తిప్పుతుంది. గాలిని పట్టేది తెరచాప. పడవ కదలకుండా పట్టి ఉంచేది లంగరు. జనం ఎక్కి దిగే చోటు రేవు.

నీళ్ల మాటలు

నీళ్లు పోయే వైపు వాలు. గుండ్రంగా తిరిగే నీళ్లు సుడి. లోతుగా నిలిచిన నీళ్లు మడుగు.

పడవ నడిపే ఆయన రేవు నుండి అవతలి రేవుకు సూటిగా పోడు. ముందు ఒడ్డు వెంబడి కొంత దూరం పైకి, వాలుకు ఎదురుగా పోతాడు. తర్వాత నది దాటుతాడు. ఎందుకంటే దాటేటప్పుడు నీళ్లు పడవను కిందికి నెడతాయి. పైనుంచి బయలుదేరితేనే సరిగ్గా రేవుకు చేరుతుంది. ఈ లెక్క ఏ బడిలోనూ నేర్పలేదు. నది నేర్పింది.

పడవ దారి, బొగ్గు దారి

ఇంగ్లీషు దొరలు గోదావరిని పెద్ద పడవ దారిగా చెయ్యాలనుకున్నారు. నాగపూర్ వైపు పత్తిని పడవల మీద సముద్రానికి చేర్చాలని వాళ్ల ఆశ. కానీ నదిలో రాళ్లు అడ్డం వచ్చాయి. భద్రాచలం దగ్గర దుమ్ముగూడెంలో ఆనకట్ట కట్టారు. పడవలు దాటడానికి లాకులు కట్టారు. ఖర్చు పెరిగింది. 1871లో పని ఆపేశారు. ఇల్లెందు దగ్గర బొగ్గు ఉందని కనిపెట్టిందీ 1871లోనే. 1889లో అక్కడ బొగ్గు తవ్వకం మొదలైంది. పడవ దారి ఆగిపోయింది. బొగ్గు దారి తెరుచుకుంది.

నోట్లో నిలిచిన మాటలు

పడవ ఎక్కని వాళ్ల నోట్లో కూడా పడవ మాటలు ఉన్నాయి. కూతురి పెళ్లి అయ్యాక తల్లి "గట్టెక్కినం" అంటుంది. గట్టు అంటే ఒడ్డు. అప్పులు పెరిగితే "మునిగినం" అంటారు. సాయం పొంది మరిచిపోయిన వాణ్ణి చూసి "ఏరు దాటి తెప్ప తగలేసినట్టు" అంటారు. ఈ మాటలన్నీ నది నుండి ఇంట్లోకి వచ్చినవే.

ప్రాణం కాపాడే మాటలు

2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర పడవ మునిగింది. పాపికొండలు చూడబోయిన వాళ్లు 50 మంది దాకా చనిపోయారు. అందులో వరంగల్ వైపు వాళ్లూ ఉన్నారు. ఆ రోజు నది వరద మీద ఉంది.

భద్రాచలంలో గోదావరి నీటిమట్టం 43 అడుగులకు వస్తే మొదటి హెచ్చరిక ఇస్తారు. 48 అడుగులకు రెండోది. 53 అడుగులకు మూడోది. 2022 జులైలో అక్కడ నీళ్లు 71 అడుగులు దాటాయి. పేపర్లో ఈ అంకెలు వస్తాయి. చదువు వచ్చిన ఆడమనిషి వాటిని చదవగలదు. నలుగురికి చెప్పగలదు.

పడవ ఎక్కే ముందు ఇవి చూడాలి.

పడవ అంచు నీళ్లకు దగ్గరగా దిగిందా? అయితే బరువు ఎక్కువైంది. ఎక్కవద్దు.
ఎంత మంది ఎక్కాలో బోర్డు మీద రాశారా? చదవండి. లెక్క పెట్టండి.
నీళ్లలో తేలే చొక్కా ఇచ్చారా? ఒంటికి కట్టుకోండి. పిల్లలకు ముందు కట్టండి.
పైన ప్రాజెక్టు గేట్లు ఎత్తారా? నీళ్లు ఒక్కసారిగా పెరుగుతాయి. ఆగండి.
నడి నదిలో లేచి నిలబడవద్దు. అందరూ ఒకే పక్కకు జరగవద్దు.

"బరువు ఎక్కువైంది, నేను ఎక్కను" అని చెప్పడానికి సిగ్గు పడవద్దు. ఆ ఒక్క మాట పడవలో ఉన్న అందరినీ గట్టెక్కిస్తుంది.

మీ ఇంట్లో, మీ వాడలో గంగ దాటిన ముసలమ్మ ఉంటే ఆమె దగ్గర కూర్చోండి. ఆమెకు తెలిసిన మాటలు అడగండి. మీ నోటు బుక్కులో రాయండి. ఆమెకు రాయడం రాదు. మీకు వచ్చు.