ముందు బోర్లించి చూడండి

నన్ను "కుండల పిచ్చాయన" అని పరిచయం చేసిన మిత్రుడికి కృతజ్ఞతలు. మా ఆవిడ ఇంట్లో ఇంతకన్నా గట్టి మాటే అంటుంది.

ఒహాయోలో కాపురం పెట్టిన కొత్తలో ఒక ఎస్టేట్ సేల్‌లో ముదురు గోధుమరంగు ఫ్లవర్ వేజు ఒకటి నచ్చింది. మన ఊళ్లో కుండ కొన్నట్టే వేలితో తట్టి చూశాను. ఖంగుమంది, బీట లేదు. అమ్మే పెద్దావిడ నవ్వి, "ముందు బోర్లించి చూడు" అంది.

అది మరియా లాంగ్‌వర్త్ నికల్స్ 1880లో సిన్సినాటిలో స్థాపించిన రుక్‌వుడ్ పాటరీది. వాళ్లు 1886లో ఆర్, పీ అక్షరాలు కలిపి ఒక ముద్ర తయారుచేశారు. తర్వాత ఏడాదికొక జ్వాల చొప్పున దానికి చేర్చుతూ పోయారు. 1900 నాటికి పద్నాలుగు జ్వాలలు. 1901 నుంచి ముద్ర కింద రోమన్ అంకె వేశారు. నా వేజుకి పదకొండు జ్వాలలున్నాయి. అంటే 1897. పక్కనే ఒక ఇంటూ గుర్తు కూడా ఉంది. కాల్చాక లోపం కనబడిన వాటిని అలా గీసి, తక్కువ ధరకు అమ్మేవారట. దాచలేదు చూడండి, అందుకే నాకు ఆ గీత మీద గౌరవం.

అక్కడ 1887లో చేరిన జపాన్ చిత్రకారుడు కటారో షిరాయమదానీ తన పాత్రల అడుగున సొంత లిపిలోనే సంతకం చేసేవాడు. మధ్యలో కొన్నేళ్లు స్వదేశం వెళ్లినా తిరిగొచ్చి, 1948లో కన్నుమూసేదాకా ఆ పనిలోనే ఉన్నాడు. ఆ సంతకం మొదటిసారి చూసినప్పుడు, పరాయి దేశంలో ఉన్న నాకు గొంతు పట్టేసింది.

ఇదంతా ఒకసారి మా అమ్మాయికి గొప్పగా చెబుతుంటే, అది వంటింట్లోంచి ఆవకాయ జాడీ తెచ్చి బోర్లించింది. "నాన్నా, దీని కింద ఏమీ లేదేం? ఇది ఎక్కడిది?" అంది.

1994లో మా అమ్మ మమ్మల్ని చూడ్డానికి వచ్చినప్పుడు చీరల మధ్య చుట్టి తెచ్చిన జాడీ అది. ఎక్కడ కొన్నదో, అమ్మమ్మ ఇచ్చిందో, నాకు తెలియదు. ముక్కూ మొహం తెలియని వాళ్ల వేజుకి పుట్టిన సంవత్సరం చెప్పగలను. అమ్మ జాడీ గురించి, అమ్మ ఉండగా ఒక్కసారి అడగలేదు.

ఆ రాత్రి తెలిసిన రెండు ముక్కలూ తెలుగులో కాగితం మీద రాసి జాడీలో పెట్టాను. మా అమ్మాయి కింద ఇంగ్లీషులో రాసుకుంది.

మీ పెద్దవాళ్లు ఈ సభకు వచ్చి ఉంటే, ఇవాళ భోజనాల దగ్గరే అడగండి. సెలవు.