క్రూయిజ్ షిప్పులో ఎన్ని రకాల ఉద్యోగాలు? ఏజెంట్‌కి డబ్బు కట్టేముందు ఇది చూడండి



ఈ మధ్య నాకు ఒకే రకం మెసేజ్‌లు ఎక్కువగా వస్తున్నాయి. "అన్నా, క్రూయిజ్ షిప్పులో జాబ్ అంట. ఏజెంట్ రెండు లక్షలు అడుగుతాండాడు. కట్టొచ్చా?" పంపేది ఆదోని నుంచి, నంద్యాల నుంచి, ప్రొద్దుటూరు నుంచి, రాయచోటి నుంచి. "ఏం జాబ్ తమ్ముడూ?" అని అడిగితే, "షిప్పులో జాబ్ అన్నా" అంటారు. అక్కడే వచ్చింది తంటా. షిప్పులో జాబ్ అంటే "కర్నూల్లో జాబ్" అన్నట్టే. కర్నూల్లో ఎక్కడ? కలెక్టరాఫీసులోనా, ఆసుపత్రిలోనా, బస్టాండ్ దగ్గర హోటల్లోనా?

అందుకే ఈ ఎపిసోడ్‌లో ముందు షిప్పు లోపల ఎవరెవరు ఏం పని చేస్తారో చూద్దాం. డబ్బు సంగతి ఆ తర్వాత.

"మనకు సముద్రమే లేదు, షిప్పుల గోల మనకెందుకు?" అనుకోవద్దు. మన కె.సి. కెనాల్ ఉంది కదా, కర్నూలు-కడప కాలువ. దాన్ని 1863 నుంచి 1870 మధ్య తవ్వారు. అప్పుడు దాన్ని సాగునీటికే కాదు, పడవల రవాణాకు కూడా అనుకునే తవ్వారు. ఇక పని కోసం దూరం పోవడం మనకు కొత్తా? కడప జిల్లాలో కువైట్‌కి మనిషిని పంపని ఊరు వెతకాల్సిందే. షిప్పు కూడా అలాంటి దారే. రూల్స్ మాత్రం వేరే.

మన రాష్ట్రంలోనే చూడండి. 2022 జూన్‌లో కార్డీలియా కంపెనీ వాళ్ళ ఎంప్రెస్ అనే షిప్పు విశాఖపట్నం వచ్చింది. 2023 సెప్టెంబర్‌లో అక్కడ క్రూయిజ్ టెర్మినల్ ప్రారంభించారు. ఆ ఎంప్రెస్ 1990లో తయారైన షిప్పు, 11 అంతస్తులు. సుమారు 1,800 మంది ప్రయాణికులు పడతారు. వాళ్ళ కోసం పని చేసేవాళ్ళు 650 మందికి పైనే. ఇప్పటి పెద్ద షిప్పు సంగతి చెప్పనా? 2024లో మొదలైన ఐకాన్ ఆఫ్ ది సీస్‌లో గరిష్ఠంగా 7,600 మంది ప్రయాణికులు, 2,350 మంది సిబ్బంది. మొత్తం దాదాపు పది వేల మంది. మన దగ్గర ఒక మండల కేంద్రం మొత్తాన్ని నీళ్ళ మీద పెట్టి నడిపినట్టు.

ఆ ఊరిని నడిపేది మూడు డిపార్ట్‌మెంట్లు: డెక్, ఇంజిన్, హోటల్.

మొదటిది డెక్. పైన కెప్టెన్, ఆయన కింద స్టాఫ్ కెప్టెన్, ఆఫీసర్లు. వాళ్ళకు సాధారణంగా నాలుగు గంటలు డ్యూటీ, ఎనిమిది గంటలు విరామం, రోజుకు రెండుసార్లు. వాళ్ళ కింద బోసన్ అని ఒక మేస్త్రీ, ఆయన టీమ్. తాళ్ళు కట్టడం, తుప్పు గీకడం, పెయింట్ వేయడం వీళ్ళ పని. ఉప్పు గాలికి ఇనుము ఊరుకోదు కదా, ఈ చివర పెయింట్ అయ్యేసరికి ఆ చివర మళ్ళీ తుప్పు. సెక్యూరిటీ వాళ్ళు, చెత్త, మురుగునీరు రూల్స్ ప్రకారం పోతున్నాయా అని చూసే ఎన్విరాన్‌మెంట్ ఆఫీసర్ వేరే ఉంటారు. సముద్రంలో ప్లాస్టిక్ ఒక్క ముక్క కూడా పడేయకూడదని అంతర్జాతీయ చట్టం. కాబట్టి చెత్త వేరు చేయడం కూడా అక్కడ ఒక ఫుల్‌టైమ్ ఉద్యోగమే.

రెండోది ఇంజిన్. మన జిల్లాల వాళ్ళు బాగా గమనించాల్సింది ఇదే. షిప్పుకి కరెంటు లైను లేదు, మున్సిపల్ కుళాయి లేదు. అన్నీ లోపలే తయారు కావాలి. జనరేటర్లు కరెంటు ఇస్తాయి. ఉప్పునీళ్ళను ఇంజిన్ వేడితో ఆవిరి చేసో, ఆర్ఓ ప్లాంటులో పంపో మంచినీళ్ళు చేస్తారు. మన ఊళ్ళల్లో ఇరవై లీటర్ల క్యాన్ కోసం క్యూ కడతాం చూడండి, అదే ఆర్ఓ. అక్కడ రోజూ వేల మందికి స్నానాలకి, వంటకి, ఇస్త్రీకి అంతటికీ సరిపోవాలి. చీఫ్ ఇంజనీర్ కింద మోటర్‌మెన్, ఫిట్టర్లు, వెల్డర్లు, ఎలక్ట్రీషియన్లు, ఏసీ మెకానిక్‌లు, ప్లంబర్లు ఉంటారు. నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నప్పుడు రాత్రి రెండు గంటలకు సర్వర్ పడిపోతే ఫోన్ వచ్చేది. అక్కడ రాత్రి రెండు గంటలకు ఒక అంతస్తులో టాయిలెట్లు ఆగిపోతే ప్లంబర్‌కి ఫోన్ వస్తుంది. అతను వర్క్ ఫ్రమ్ హోమ్ అనలేడు, అంతే తేడా.

మూడోది హోటల్. సిబ్బందిలో ఎక్కువమంది ఇక్కడే. వంటగదిని గ్యాలీ అంటారు. అందులో ఎగ్జిక్యూటివ్ చెఫ్ నుంచి కమీ దాకా మెట్లు మెట్లుగా ఉంటారు. మాంసం కోసేవాళ్ళు, బ్రెడ్ చేసేవాళ్ళు వేరే. అన్నిటికంటే కింద మెట్టు గ్యాలీ యుటిలిటీ. అంటే గిన్నెలు తోమడం, నేల కడగడం. గుర్తుపెట్టుకోండి ఈ పేరు, తర్వాత పనికొస్తుంది. గదులు సర్దేవాళ్ళు, వెయిటర్లు, లాండ్రీ వాళ్ళు, దర్జీలు, సరుకుల స్టోర్ చూసేవాళ్ళు, రిసెప్షన్, అకౌంట్స్, డాక్టర్, నర్సులు, డాన్సర్లు, సౌండ్ టెక్నీషియన్లు, ఫొటోగ్రాఫర్లు, ఐటీ ఆఫీసర్ అందరూ ఉంటారు. స్పా, షాపుల లాంటివి చాలా షిప్పుల్లో వేరే కంపెనీలు నడుపుతాయి. అంటే మీరు ఎక్కేది ఒక కంపెనీ షిప్పు, జీతం ఇచ్చేది ఇంకో కంపెనీ కావచ్చు.

వీళ్ళందరికీ కింది అంతస్తులో షిప్పు ఈ చివర నుంచి ఆ చివరకు ఒక పొడవాటి దారి ఉంటుంది. చాలా షిప్పుల్లో దాన్ని ఐ-95 అంటారు, అమెరికాలో ఒక హైవే పేరు. మన భాషలో చెప్పాలంటే ఎన్‌హెచ్ 44. సరుకు, చెత్త, సూట్‌కేసులు, మనుషులు అన్నీ దాని మీదే. ప్రయాణికులు దాన్ని చూడనే చూడరు.

ఇంకో సంగతి. వెయిటరైనా, డాన్సరైనా ప్రతి ఒక్కరికీ రెండో ఉద్యోగం ఒకటి ఉంటుంది, దానికి ఒక నంబర్ కూడా ఉంటుంది. ఏడు చిన్న హారన్లు, ఒక పొడవాటి హారన్ మోగితే చేతిలో ట్రే ఉన్నా పక్కన పెట్టి తన స్థానానికి పోవాలి. లైఫ్ జాకెట్లు ఇవ్వాలి, జనాన్ని లైఫ్‌బోట్ దగ్గరికి చేర్చాలి. 2012 జనవరి 13న ఇటలీ దగ్గర కోస్టా కాంకోర్డియా మునిగినప్పుడు 32 మంది చనిపోయారు. అందులో ఒకరు మన భారతీయుడు, ఆ షిప్పులో వెయిటర్. ఆయన అవశేషాలు దొరకడానికి 2014 నవంబర్ దాకా పట్టింది. అందుకే ఎక్కే ముందు ఎస్టీసీడబ్ల్యూ అనే ట్రైనింగ్ తప్పనిసరి. నీళ్ళలో బతకడం, మంటలు ఆర్పడం, ప్రథమ చికిత్స, ఇవన్నీ నేర్పిస్తారు. సర్టిఫికెట్ కోసం మొక్కుబడిగా చేయొద్దు, నేర్చుకోండి.

2020 ఫిబ్రవరిలో జపాన్‌లో ఆగిపోయిన డైమండ్ ప్రిన్సెస్ గుర్తుందా? కోవిడ్ షిప్పు. అందులో 3,711 మంది ఉన్నారు. భారతీయులు 138 మంది. వాళ్ళలో ప్రయాణికులు ఎంతమందో తెలుసా? ఆరుగురు. మిగతా 132 మంది సిబ్బందే. ప్రయాణికులు గదుల్లో క్వారంటైన్‌లో ఉంటే, వాళ్ళ తలుపుల దగ్గరికి భోజనం తీసుకెళ్ళింది సిబ్బంది. ఫొటోల్లో కనిపించని షిప్పు అది.

ఇప్పుడు లెక్కల్లోకి వద్దాం. మారిటైమ్ లేబర్ కన్వెన్షన్ అని ఒక అంతర్జాతీయ ఒప్పందం ఉంది. 2013 నుంచి అమల్లో ఉంది, 2015లో మన దేశం కూడా ఆమోదించింది. షిప్పులో ఏ పని చేసినా, గిన్నెలు తోమినా సరే, ఆ చట్టం లెక్కలో మీరు నావికులే. దాని ప్రకారం విశ్రాంతి 24 గంటల్లో కనీసం 10 గంటలు, వారంలో కనీసం 77 గంటలు. వారానికి 168 గంటలు. 77 తీసేయండి. 91. అంటే చట్టం ప్రకారమే వారానికి 91 గంటల దాకా పని ఉండొచ్చు. ఆదివారం లేదు, ఉగాది లేదు. కాంట్రాక్ట్ మామూలుగా ఆరు నుంచి తొమ్మిది నెలలు. తర్వాత ఇంట్లో ఉండే రెండు నెలలకు హోటల్ ఉద్యోగాల్లో చాలావరకు జీతం రాదు. కాబట్టి నెల జీతాన్ని పన్నెండుతో గుణించి ఇంట్లో చెప్పొద్దు. గది ఇద్దరికి, కిటికీ ఉండదు. అన్నం, మంచం ఫ్రీ. పైసా ఖర్చు లేకుండా డబ్బు మిగుల్చుకుని, అప్పు తీర్చి, చెల్లెలి పెళ్ళి చేసినోళ్ళూ ఉంటారు. పది రోజులకే ఏడ్చేవాళ్ళూ ఉంటారు. రెండూ నిజమే.

మరి రెండు లక్షల సంగతి? అదే చట్టం ఇంకో మాట చెప్తుంది. ఉద్యోగం చూపించినందుకు మీ దగ్గర ఫీజు తీసుకోకూడదు. పాస్‌పోర్ట్, సీమన్ బుక్ అంటే సీడీసీ, మెడికల్ సర్టిఫికెట్ ఖర్చులు మీవి. వీసా ఖర్చు షిప్పు కంపెనీది. ట్రైనింగ్ ఫీజు మీరు కట్టాలి గానీ, అది సంస్థకి రసీదుతో కట్టేది, ఏజెంట్ ఫోన్‌పేకి కాదు. మన దేశంలో షిప్పులకు మనుషుల్ని పంపాలంటే డైరెక్టరేట్ జనరల్ ఆఫ్ షిప్పింగ్ ఇచ్చే ఆర్‌పీఎస్ఎల్ లైసెన్స్ ఉండాలి. ఆ లిస్టు వాళ్ళ వెబ్‌సైట్‌లోనే ఉంటుంది. ట్రైనింగ్ సంస్థకి కూడా వాళ్ళ అనుమతి ఉందా అని అక్కడే చూసుకోండి.

కాబట్టి ఏజెంట్‌ని నాలుగు ప్రశ్నలు అడగండి. ఒకటి, మీ ఆర్‌పీఎస్ఎల్ నంబర్ ఎంత? రెండు, షిప్పు పేరు, నాకు జీతం ఇచ్చే కంపెనీ పేరు ఏంటి? మూడు, కాంట్రాక్ట్‌లో నా ఉద్యోగం పేరు ఏంటి? "హోటల్ మేనేజ్‌మెంట్ జాబ్" అని నోటితో చెప్పి, కాగితం మీద గ్యాలీ యుటిలిటీ అని ఉంటే అది వేరే ఉద్యోగం. గిన్నెలు తోమడం తప్పు కాదు, ఎంతోమంది అక్కడ మొదలుపెట్టి వంట దాకా ఎదిగారు. కానీ తెలిసి పోవడం వేరు, ఎక్కాక తెలియడం వేరు. నాలుగు, ఈ డబ్బు దేనికి, రసీదు ఇస్తారా? దీనికి నసిగితే లేచి వచ్చేయండి.

చివరగా, మీ చదువుకి ఏది సరిపోతుందో చూసుకోండి. ఐటీఐ ఫిట్టర్, ఎలక్ట్రీషియన్, ఏసీ మెకానిక్ చేసినోళ్ళు వెయిటర్ ఉద్యోగం వెంట పడకండి, ముందు ఇంజిన్ వైపు చూడండి. మెకానికల్ బీటెక్ వాళ్ళకి ఏడాది గ్రాడ్యుయేట్ మెరైన్ ఇంజనీరింగ్ కోర్సు ఉంది. ఎలక్ట్రికల్ వాళ్ళకి ఎలక్ట్రో టెక్నికల్ ఆఫీసర్ కోర్సు ఉంది. నర్సింగ్ చేసిన అక్కచెల్లెళ్ళు, షిప్పుల్లో ఆసుపత్రి ఉంటుంది, అది కూడా చూడండి.

పొలం కుదువ పెట్టే ముందు ఆ నాలుగు ప్రశ్నలకు జవాబు కాగితం మీద ఉండాలి. మీ ఊళ్ళో ఎవరికైనా ఇలా ఫోన్ వచ్చుంటే ఈ వీడియో వాళ్ళకి పంపండి. షిప్పులో పని చేసినోళ్ళు ఎవరైనా చూస్తుంటే, మీరు చేసిన ఉద్యోగం పేరు, రోజుకి ఎన్ని గంటలు చేశారో కామెంట్లో రాయండి, మిగతా తమ్ముళ్ళకి పనికొస్తుంది. మళ్ళీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను మరి.