చేత్తో అల్లిన టోపీ
(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



టోపీ గురించి మాట్లాడతానంటే, మనకు టోపీలు పెట్టినవాళ్ల గురించా అని కార్యదర్శిగారు నవ్వారు. వాళ్ల గురించి మొదలుపెడితే రాత్రి భోజనాలకు కూడా తెమలం. నేను చెప్పేది క్రోషియా సూదితో అల్లి, మనం ప్రేమగా ఇంకొకరి తలకు పెట్టే టోపీ సంగతి.

నాతో ఒకే సెక్షన్లో పనిచేసిన మిత్రుడొకాయనకు కాన్సరుకు కీమోథెరపీ ఇచ్చారు. ఆ మందు మొదలైన రెండు మూడు వారాలకు సాధారణంగా జుట్టు రాలుతుంది. చికిత్స అయ్యాక చాలామందికి మళ్లీ వస్తుంది గాని, ఆ మధ్యకాలమే కష్టం. బజార్లో కనబడిన ప్రతివాడూ "తిరుపతి వెళ్లొచ్చారా?" అని అడిగేవాడు. ఏం చెప్పాలో తెలియక ఆయన గడప దాటడం మానేశాడు. ఎవరో ఊలు టోపీ కొనిచ్చారు. అసలే నెత్తిమీద చర్మం సున్నితంగా ఉంది, ఆ గరుకు భరించలేక తీసి అవతల పెట్టాడు.

మా ఆవిడది నరసాపురం దగ్గర పల్లె. చిన్నతనం నుంచీ లేసు అల్లిన చేయి. మెత్తని నూలుదారంతో టోపీ అల్లితే హాయిగా ఉంటుందంది. తనకు చూపు ఆనడం లేదు గనుక నన్ను నేర్చుకోమంది. మగవాడు సూది పట్టడమేమిటని ఎవరైనా అంటే, ముప్పైయేళ్లు దబ్బనంతో ఫైళ్లు కుట్టినవాణ్ణి, నాకు సూది కొత్త కాదన్నాను.

పద్ధతి చెబుతాను. మధ్యరకం లావు నూలుదారం సుమారు 100 గ్రాములు, 4 మిల్లీమీటర్ల సూది తీసుకోండి. నాలుగు గొలుసులు అల్లి ఉంగరంలా కలపండి. ఆ ఉంగరంలో 12 పొడుగు కుట్లు, అంటే ట్రెబుల్ కుట్లు, వేయండి. రెండో వరసలో ప్రతి కుట్టులో రెండేసి వేస్తే 24. మూడో వరసలో ఒకదానిలో ఒకటి, పక్కదానిలో రెండు; 36 అవుతాయి. ఇలా వరసకు 12 చొప్పున పెరగాలి. ఇంక్రిమెంటు ఏటా వచ్చినట్టు ఇక్కడ వరసకొకటి వస్తుందన్నమాట. బిళ్ల అంచు అలలు తేలితే కుట్లు ఎక్కువయ్యాయని, గిన్నెలా ముడుచుకుంటే తక్కువయ్యాయని గుర్తు.

ఎంతవరకూ పెంచాలి? తల చుట్టుకొలతను టేపుతో కొలవండి. 22 అంగుళాలనుకుందాం. టోపీ జారకుండా ఒక అంగుళం తగ్గించి, 21ని 3.14తో భాగిస్తే ఆరు ముప్పావుకు కాస్త తక్కువ. బిళ్ల అడ్డం కొలత అంతకు రాగానే పెంచడం ఆపేసి, కుట్టుకు కుట్టు చొప్పున చుట్టూ అల్లుకుపోండి. నడినెత్తి నుంచి అంచు దాకా 8 అంగుళాలు వస్తే చాలు. పూలూ కుచ్చులూ అక్కర్లేదు. అంచున వేరే రంగు వరసలు రెండు వేస్తే అదే అందం. దీనికి ఎక్కడా అతుకు ఉండదు గనుక లోపల ఒరుసుకోదు. ఇచ్చే ముందు ఒకసారి సబ్బుతో ఉతికి ఆరవేయండి. రోగి ఇష్టం ముందుగా కనుక్కోండి కూడా. తువ్వాలు చుట్టుకోవడమే హాయి అనేవాళ్లూ ఉంటారు.

ఇంకొక్క మాట. క్రోషియా అల్లికను కర్మాగారాల్లో యంత్రాలతో చేయరు. బజార్లో యంత్రం మీద వచ్చేవి వేరే రకం అల్లికలు. అందుచేత అసలైన క్రోషియా వస్తువు చౌకగా దొరికిందంటే, ఎవరో ఆడమనిషి చేతికి అంత తక్కువ ముట్టిందన్నమాటే. పంతొమ్మిదో శతాబ్దంలో మిషనరీల ద్వారా నరసాపురం ప్రాంతానికి వచ్చిన ఈ పని మీద జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ 1982లో పుస్తకం ప్రచురించారు. ఇంట్లో తీరికగా కూర్చుని చేసుకునేదనే పేరు పెట్టి, రోజంతా చేసే పనికి ఎంత తక్కువ కూలి ముట్టేదో అందులో రాశారు. 2024లో నరసాపురం అల్లికలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషమే. ఆ గుర్తింపు కూలిలో ఎంత కనబడుతుందని మా ఆవిడ అడుగుతుంది. నేను నా మొదటి టోపీకి పన్నెండు సాయంత్రాలు కూర్చున్నాక గాని ఆ ప్రశ్న బరువు నాకు తెలియలేదు.

మిత్రుడు ఆ టోపీ పెట్టుకుని పెన్షన్ కోసం బ్యాంకుకు వెళ్లివచ్చాడు. తిరుపతి మాట ఎవరూ ఎత్తలేదట. రెండోది నీలంరంగులో కావాలని కబురు పెట్టాడు.

దారం ఉండలు, ఆరు సూదులు తెచ్చి ఆ చివరి బల్ల మీద పెట్టాను. టీ వచ్చేలోగా నేర్చుకుంటామనేవాళ్లు అక్కడికి రండి. కళ్లద్దాలు మరచిపోకండి.