ఆ మంట ఎందుకు?



నేను ఈ పేర్ణాంబట్టులోనే చదువుకొన్నాను. ఈరోజు విద్యార్థినీ విద్యార్థులు అందుకొంటున్న ఇలాంటి ఉపకారవేతనమే నన్ను పాలిటెక్నిక్‌కు పంపింది. ఉద్యోగం కోసం మొదటిసారి కోనసీమ వెళ్ళినప్పుడు, రాత్రిపూట కొబ్బరితోటల పైన పెద్ద మంట చూశాను. ఎత్తయిన గొట్టం కొసన గ్యాసు ఊరకే కాలిపోతోంది. కట్టెల పొయ్యి ఊదుతూ మా అమ్మ కళ్ళు నులుముకోవడం గుర్తొచ్చి కడుపు మండింది. "ఇంత గ్యాసు ఎందుకు సార్ తగలబెడతారు?" అని మా సీనియర్‌ను అడిగాను.

ఆయన ఎదురు ప్రశ్న వేశారు. "మీ ఇంట్లో కుక్కర్ విజిల్ మూసుకుపోతే ఏమౌతుంది?"

అప్పుడు అర్థమైంది. యంత్రం ఆగినా, కరెంటు పోయినా, పైపులో ఒత్తిడి హఠాత్తుగా పెరిగినా గ్యాసుకు దారి ఇవ్వాలి. లేకపోతే పైపులు పగులుతాయి. కాల్చకుండా గాలిలోకి వదిలితే? బరువైన వాయువులు నేలబారున పరచుకొని, ఎక్కడో నిప్పురవ్వ తగిలి పేలవచ్చు. పైగా మీథేన్ వాయువు, వందేళ్ళ లెక్కన, బొగ్గుపులుసు వాయువు కంటే సుమారు 28 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది. అందుకే గొట్టం కొసన చిన్న మంట ఎప్పుడూ సిద్ధంగా ఉంచుతారు.

అదుపు తప్పిన మంట వేరు. 1995 జనవరి 8న కోనసీమలోని పాశర్లపూడిలో ఓఎన్‌జీసీ బావిలో బ్లోఅవుట్ జరిగింది. ఆ మంట ఆరడానికి 65 రోజులు పట్టింది. ఒత్తిడికి దారి చూపడం ఎంత అవసరమో ఆ పేరు వింటే చాలు, మా పనివాళ్ళకు తెలుస్తుంది.

అయితే మంటలన్నీ భద్రత కోసమే అనుకోకండి. చమురుతోపాటు వచ్చే గ్యాసుకు పైపులైను లేదని, ఖర్చు గిట్టదని రోజూ కాల్చేసే చోట్లు ప్రపంచంలో చాలా ఉన్నాయి. ప్రపంచ బ్యాంకు లెక్క ప్రకారం 2023లో ప్రపంచమంతటా ఇలా మంటల్లో పోయిన గ్యాసు సుమారు 14,800 కోట్ల ఘనపు మీటర్లు. రోజువారీ కాల్చివేతను 2030 నాటికి ఆపాలని ప్రపంచ బ్యాంకు, ఐక్యరాజ్యసమితి 2015లో పిలుపునిచ్చాయి. ఆ గ్యాసుతో కరెంటు తీయవచ్చు, తిరిగి భూమిలోకి పంపవచ్చు, పైపులైను వేసి ఇళ్ళకు చేర్చవచ్చు.

పిల్లలారా, భద్రతకు కావలసినంతే కాల్చి, మిగిలినది పొయ్యి దాకా చేర్చే పని ఇంకా మిగిలే ఉంది. అది మీలో ఎవరైనా చేయాలి. తల్లిదండ్రులకు ఒక్క మనవి. బిడ్డ "ఎందుకు?" అని అడిగితే కసురుకోకండి. ఆ రోజు మా సీనియర్ నన్ను కసురుకొని ఉంటే, ఈరోజు మీకు చెప్పడానికి నా దగ్గర ఏమీ ఉండేది కాదు.