గౌనుల క్రింది ముక్కవాసన

మన విశ్వవిద్యాలయములలో స్నాతకోత్సవము జరుగుట మనలో పలువురు చూచియే యుందురు. గౌనులు ధరించిన ఆచార్యులు వరుసగా వచ్చుచుండ సభ యంతయు లేచి నిలుచును. ఆ గౌరవము వస్త్రమునకా, దానిని ధరించిన మనిషికా అని మనము సాధారణముగా ప్రశ్నించుకొనము. పశ్చిమ జర్మనీలోని హాంబర్గు నగరమున 1967లో ఇద్దరు విద్యార్థులు ఈ ప్రశ్నను నిండుసభలో అడిగిరి.

అది నవంబరు 9వ తేదీ. పాత రెక్టరు, అనగా విశ్వవిద్యాలయాధిపతి, క్రొత్తవారికి అధికారము అప్పగించు ఉత్సవము. పొడవైన గౌనులతో, మెడచుట్టు తెల్లని కుచ్చుపట్టీలతో ఆచార్యులు సభామందిరపు మెట్లు దిగుచుండిరి. అంతలో డెట్లెఫ్ ఆల్బెర్స్, గెర్ట్ హిన్నెర్క్ బేల్మెర్ అను విద్యార్థులు, కోటు, టై ధరించినవారు, ఊరేగింపునకు ముందు నిలిచి ఒక నల్లగుడ్డను విప్పి పట్టుకొని నడచిరి. దానిపై తెల్లని అక్షరములతో ప్రాసకట్టిన మాట యొకటి యుండెను. ఈ గౌనుల క్రింద వేయేండ్ల ముక్కవాసన యున్నదని దాని భావము. సభ దానిని చదివెను. వెనుక గంభీరముగా నడచుచున్న ఆచార్యులకు మాత్రము ఆ అక్షరములు కనబడలేదు.

ఆ విశ్వవిద్యాలయము పుట్టినది 1919లో. 48 ఏండ్ల సంస్థకు వేయేండ్ల వాసన యెట్లు వచ్చెను? తన రాజ్యము వేయేండ్లు నిలుచునని హిట్లరు ప్రభుత్వము చాటుకొనెను. 1933లో వచ్చిన ఆ ప్రభుత్వము 1945లో కూలెను. కాని దానికి కొలువుచేసిన ఆచార్యులు పలువురు యుద్ధానంతరము కూడ తమ పీఠములలోనే యుండిరి. ఆ రోజులలో మీరేమి చేసితిరని పిల్లలు అడిగినచో ఇంటగాని తరగతిలోగాని జవాబు దొరకుట అరుదు.

ఆ నల్లగుడ్డకును ఒక కథ కలదు. 1967 జూన్ 2న పశ్చిమ బెర్లినులో, ఇరాను షా రాకకు నిరసన జరిగినప్పుడు, బెన్నో ఓనెసోర్గ్ అను 26 ఏండ్ల విద్యార్థి పోలీసు గుండు తగిలి మరణించెను. అతని సంతాపమునకై వాడిన గుడ్డయే ఇది.

హాంబర్గు సభలో ఒక ఆచార్యుడు కోపము పట్టలేక, మీరందరును నిర్బంధ శిబిరములో నుండదగినవారని విద్యార్థులపై కేకవేసెను. ఆ మాటకై ఆయనను కొంతకాలము విధులనుండి తప్పించిరి. ముక్కవాసన యెక్కడనున్నదో ఇక వెదుకనక్కర లేకపోయెను.

అయినను మనమొక సంగతి మరువరాదు. అదే విశ్వవిద్యాలయమునకు 1929లో రెక్టరైన తత్త్వవేత్త ఎర్నస్ట్ కాసిరర్ యూదుడు. 1933లో ఆయన దేశము విడువవలసి వచ్చెను. గౌను ధరించినవారందరు ఒక్కటి కారు. విద్యార్థుల మాట అందరిని ఒకే గాట కట్టినది. కాని గట్టిగా అడుగనిదే ఆనాడు ఎవరు వినెడివారు?

1969లో వచ్చిన క్రొత్త చట్టము హాంబర్గు విశ్వవిద్యాలయ పాలనలో విద్యార్థులకు, సహాయకులకు పాలు కల్పించెను. 1970లో పీటర్ ఫిషర్-ఆపెల్ట్ అను సహాయకుడు, ఆచార్యుడు కాకయే, దానికి అధ్యక్షుడయ్యెను. ఆ నల్లగుడ్డ నేడు హాంబర్గు ప్రభుత్వ పత్రాగారములో భద్రముగా నున్నది.

ఉత్సవములు వలదని మేమనుట లేదు. పిల్లలు పట్టము పుచ్చుకొను దినము ఏ యింటికైనను పండుగయే. ఐతే గౌను తొడిగినవారు, పిల్లలడిగిన ప్రశ్నకు తలయెత్తి జవాబు చెప్పగలవారై యుండవలెను. అట్టివారు వచ్చినప్పుడు, ఎవరును చెప్పకయే, సభ లేచి నిలుచును.