నిర్బంధ శ్రమ: మనవారి మీదైనా సాక్ష్యం చెప్పాలి
(అంబాజీపేట సభలో చేసిన ప్రసంగ పాఠం)



నిర్బంధ శ్రమ అనగానే సంకెళ్లు, కొరడా కళ్ల ముందు మెదులుతాయి. మన గోదావరి తీరం చూసిన నిర్బంధం మాత్రం ఎక్కువగా అప్పు కాగితంతోనే మొదలైంది.

యానాం దాటి కాకినాడ వెళ్లే దారిలో కోరంగి ఉంది. ఒకనాడు అది పెద్ద ఓడరేవు. పందొమ్మిదో శతాబ్దంలో ఈ తీరం నుంచి వేలాది తెలుగువారు బర్మాకు ఓడలెక్కారు. అక్కడ తెలుగు కూలీలకు 'కోరంగీలు' అన్న పేరే స్థిరపడిపోయింది. మేస్త్రీ ముందుగా ఇచ్చిన సొమ్ము, ఓడ ఛార్జీ కూలీ ఖాతాలో అప్పుగా పడేవి. జీతం మేస్త్రీ చేతుల మీదుగా అందేది. అప్పు తీరేదాకా మనిషి అతని మనిషే. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు సమ్మె చేస్తే, వారి స్థానంలో బర్మా కూలీలను పెట్టుకున్నారు. సమ్మె ముగియగానే వారిని పొమ్మన్నారు. ఆ కోపం పని ఇచ్చినవారి మీదికి పోలేదు, తెలుగు కూలీల మీద విరుచుకుపడింది. ఎందరో ప్రాణాలు కోల్పోయారు.

ఇక హైదరాబాద్ సంస్థానం సంగతి. అక్కడి పాలకుడు ముస్లిం. ఆ పాలన నీడలోనే తెలంగాణ పల్లెల్లో దేశ్‌ముఖ్‌లు, జాగీర్దారులు ప్రజల చేత వెట్టి చేయించుకున్నారు. ఆ దేశ్‌ముఖ్‌లలో హిందువులే ఎక్కువ. విసునూరు దేశ్‌ముఖ్‌ను ఎదిరించి, న్యాయస్థానంలో పోరాడి, చివరికి హత్యకు గురైన షేక్ బందగీ ఒక పేద ముస్లిం రైతు. హైదరాబాద్ కార్మికులను సంఘటితం చేసిన మఖ్దూం మొహియుద్దీన్ కూడా ముస్లిమే. పీడనకు మతం లేదని, పీడనను ఎదిరించడానికి మతం అడ్డు కాదని మన చరిత్రే చెబుతోంది.

ఇప్పుడు మన ఇళ్ల వద్దకు వద్దాం. కోనసీమలో గల్ఫ్‌కు మనిషి వెళ్లని ఊరు అరుదు. కువైట్, ఒమాన్, బహ్రెయిన్, ఖతర్ దేశాల్లో అరబ్బుల ఇళ్లలో పనికి వెళ్లే మన ఆడపడుచుల్లో అన్ని కులాల వారూ, అన్ని మతాల వారూ ఉన్నారు. మంచి యజమాని దొరికి, ఇల్లు కట్టుకుని, పిల్లలను చదివించుకున్నవారు ఎందరో ఉన్నారు. వారి కష్టార్జితాన్ని మనం తక్కువ చేయరాదు. అయితే కఫాలా పద్ధతిలో కార్మికురాలి నివాస అనుమతి యజమానితో, అంటే కఫీల్‌తో ముడిపడి ఉంటుంది. జీతం ఆపినా, కొట్టినా ఆ ఇల్లు దాటి బయటికి వస్తే ఆమెపైనే పరారీ కేసు పడుతుంది. ఇక్కడ ఏజెంటుకు ఇచ్చిన సొమ్ముకు వడ్డీ పెరుగుతుంటుంది, అక్కడ పాస్‌పోర్టు ఇంకొకరి బీరువాలో ఉంటుంది. కోరంగి మేస్త్రీ ఖాతాకూ దీనికీ తేడా ఎంత?

ఈ విషయాన్ని ప్రత్యేకించి ఈ సభలో ఎందుకు ఎత్తుతున్నాం? ఆ యజమానుల్లో ఎక్కువమంది మన మతస్థులే. మధ్యన ఉండే ఏజెంట్లలో మనవారూ ఉన్నారు. మన మీద జరిగే అన్యాయాల గురించి మాట్లాడేటప్పుడు పెరిగే మన గొంతు, ఇక్కడికి వచ్చేసరికి తగ్గుతోంది. మాట్లాడితే ఇస్లాంకు చెడ్డపేరు వస్తుందన్న భయం కొందరిది. నిజానికి చెడ్డపేరు తెచ్చేది మన మౌనమే. న్యాయం కోసం సాక్షులుగా నిలబడమని, ఆ సాక్ష్యం మనకు, మన తల్లిదండ్రులకు, బంధువులకు వ్యతిరేకమైనా వెనుదీయవద్దని దివ్య ఖుర్‌ఆన్ నిసా సూరాలో ఆదేశించింది. ప్రళయదినాన ముగ్గురికి ప్రతివాదిగా తానే నిలుస్తానని అల్లాహ్ హెచ్చరించినట్లు బుఖారీ హదీసు తెలుపుతోంది. ఆయన పేరిట మాట ఇచ్చి తప్పినవాడు, స్వతంత్రుడిని అమ్మి ఆ సొమ్ము తిన్నవాడు, పని పూర్తిగా చేయించుకుని కూలి ఎగ్గొట్టినవాడు. దొంగ ఒప్పందం చూపిన ఏజెంటు, జీతం ఎగ్గొట్టిన కఫీల్ ఈ హెచ్చరికకు ఎంత దగ్గరలో ఉన్నారో ఆలోచించండి.

చట్టాలు లేక కాదు. మన రాజ్యాంగం 23వ అధికరణం వెట్టిని నిషేధించింది. 1976 చట్టం వెట్టి అప్పులను రద్దు చేసింది. ఏషియాడ్ కార్మికుల కేసులో 1982లో సుప్రీంకోర్టు, ఆకలికి లొంగి కనీస వేతనం కన్నా తక్కువకు పనిచేయడం కూడా నిర్బంధ శ్రమే అని తేల్చింది. కువైట్ సైతం 2015లో ఇంటిపనివారి చట్టం చేసింది. దాని ప్రకారం రోజుకు 12 గంటలకు మించి పని చేయించరాదు. వారానికి ఒక సెలవు ఇవ్వాలి. అనుమతి లేకుండా పాస్‌పోర్టు ఉంచుకోరాదు. ఖతర్ 2020లో యజమాని అనుమతి లేకుండానే ఉద్యోగం మారే వీలు కల్పించింది. 2021లో సౌదీ తెచ్చిన సంస్కరణల్లో మాత్రం ఇంటిపనివారికి చోటు దక్కలేదు. చట్టం ఉన్నచోట కూడా గోడల మధ్య ఒంటరిగా ఉన్న స్త్రీకి అది చేరడం కష్టం. కనుక జాగ్రత్త ఇక్కడే, విమానం ఎక్కకముందే మొదలు కావాలి.

కొన్ని సంగతులు ప్రతి ఇంటికీ తెలియజేద్దాం. ఈసీఆర్ పాస్‌పోర్టు ఉన్న మహిళలు 30 ఏళ్లు నిండాకే, అదీ ప్రభుత్వ సంస్థల ద్వారానే గల్ఫ్ దేశాలకు పనికి వెళ్లాలి. మన రాష్ట్రంలో ఆ సంస్థ ఓంక్యాప్. విజిట్ వీసా మీద పంపిస్తానన్నవాడు ఆ రక్షణలన్నీ తప్పిస్తున్నాడని గ్రహించండి. గుర్తింపు ఉన్న ఏజెంటు సైతం సేవా రుసుముగా 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ మించి తీసుకోకూడదు. డబ్బు ఇస్తే రసీదు అడగండి. ప్రవాసీ భారతీయ బీమా రెండేళ్లకు 275 రూపాయలే. ప్రమాదంలో మరణిస్తే కుటుంబానికి 10 లక్షలు వస్తాయి. పాస్‌పోర్టు, వీసా, ఒప్పందం నకళ్లు ఇంట్లో ఉంచుకోండి. ఆపద వస్తే 1800 11 3090 నంబరుకు ఫోన్ చేయవచ్చు.

ప్రతి మస్జిద్ కమిటీలో ఈ కాగితాలు చదివి చెప్పేవారు ఇద్దరైనా ఉండాలని, ఏ మతం వారు వచ్చినా వారికి సాయపడాలని కోరుతున్నాం. వెళ్లే కుటుంబం వడ్డీకి అప్పు చేయకుండా ఊరిలో వడ్డీలేని రుణనిధి ఏర్పాటు చేయగలమేమో పెద్దలు ఆలోచించాలి. మోసం చేసిన ఏజెంటు మనవాడైనా సరే, ఫిర్యాదు రాసే చేయి వణకరాదు.

ఇంకొక మాట. కువైట్ యజమానిని వేలెత్తి చూపే ముందు మన దుకాణంలో కుర్రాడి జీతం ఏ తేదీన ఇస్తున్నామో చూసుకోవాలి. కొబ్బరి దింపు, వలుపు కార్మికుల కూలి వారాల తరబడి నిలిపివేసే అలవాటు మనలో ఎవరికైనా ఉంటే ఈరోజే మానాలి. చెమట ఆరకముందే కూలి ఇవ్వమన్న ప్రవక్త (స) బోధ అరబ్బు దేశాలకు ఎంత వర్తిస్తుందో, అంబాజీపేట కొబ్బరి మార్కెట్టుకూ అంతే వర్తిస్తుంది.

శ్రమజీవి హక్కును కాపాడే శక్తిని, నిజం చెప్పే ధైర్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.